వేల్స్ ఆస్పత్రులు, లండన్ హెడ్‌లైన్లు

బ్రిటన్‌లో ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దు ప్రాంతంలో ఆఫాస్ డైక్ అని ఒక పాత మట్టికట్ట ఉంది. ఎనిమిదో శతాబ్దంలో ఆఫా అనే రాజు వేయించాడని దానికా పేరు. 2014 ఏప్రిల్‌లో అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ తన కన్సర్వేటివ్ పార్టీ వేల్స్ శాఖ సమావేశంలో మాట్లాడుతూ, ఆ కట్ట చావుబతుకుల మధ్య గీతగా మారిందన్నారు. వేల్స్ ప్రభుత్వ వైద్యం అంత అధ్వానంగా ఉందని ఆయన ఉద్దేశం. హెడ్‌లైన్‌కు అతికినట్టు సరిపోయే మాట కావడంతో అది బాగా తిరిగింది. ఆ అక్టోబర్‌లో డైలీ మెయిల్ పత్రిక వేల్స్ ఆస్పత్రుల మీద కొన్ని రోజుల పాటు వరుస కథనాలు వేసింది.

అదే 2014 ఏప్రిల్‌లో నఫీల్డ్ ట్రస్ట్, హెల్త్ ఫౌండేషన్ అనే రెండు స్వతంత్ర సంస్థలు ఇంకో పని చేశాయి. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ ఆరోగ్య వ్యవస్థలు నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూశాయి. ఏ ఒక్కటీ మిగతావాటిని అన్నిట్లోనూ దాటిపోయిందనడానికి పెద్దగా ఆధారం లేదని తేల్చాయి. వేల్స్‌లో తుంటి, మోకాలి మార్పిడి ఆపరేషన్ల కోసం జనం చాలా ఎక్కువ కాలం ఎదురుచూస్తున్నారన్న సంగతిని ఆ నివేదిక దాచలేదు. 2016లో సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ కూడా ఈ నాలుగింటిలో ఒకటి స్పష్టంగా మెరుగని చెప్పలేమంది. ఈ నివేదికల ఊసు ఇప్పుడు ఎక్కడా పెద్దగా వినపడదు. కట్ట మాట మాత్రం పదేళ్ల తర్వాత కూడా రాజకీయ వ్యాసాల్లో కనిపిస్తూనే ఉంది.

ఇదంతా పత్రికలు పనిగట్టుకుని అబద్ధాలు రాయడం వల్ల జరిగిందని నేను అనుకోవడం లేదు. ఆస్పత్రులు నడిపే అధికారం వేల్స్ చేతికి వచ్చింది కానీ, ఆ ఆస్పత్రుల గురించి వేల్స్ జనానికి చెప్పే పని చాలావరకు లండన్‌లోనే ఉండిపోయింది. సమస్య మూలం అక్కడుంది.

బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్ 1948 జూలై 5న మొదలైంది. దాన్ని నిలబెట్టిన ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ వేల్స్‌లోని ట్రెడీగర్ అనే బొగ్గుగనుల ఊరివాడు. అక్కడి కార్మికులు జీతంలో కొంత జమ చేసి, ఒక వైద్య సహాయ సంఘం ద్వారా డాక్టర్నీ మందుల్నీ ఏర్పాటు చేసుకునేవారు. బెవన్ ఆ పద్ధతిని దగ్గర నుంచి చూసి పెరిగాడు. మొదట్లో ఇంగ్లండ్, వేల్స్ రెండింటికీ ఒకే చట్టం, ఒకే మంత్రి. 1969లో వేల్స్ ఆరోగ్య బాధ్యతలు వెల్ష్ ఆఫీసు అనే శాఖకు వెళ్లాయి. అయితే అది కూడా లండన్ ప్రభుత్వంలో భాగమే. 1997 సెప్టెంబర్‌లో సొంత శాసనసభ కావాలా అని రెఫరెండం పెడితే 50.3 శాతం మంది అవునన్నారు. తేడా ఏడు వేల ఓట్లు కూడా లేదు. 1999 జూలై 1 నుంచి ఆరోగ్యం, విద్య వేల్స్ సభ చేతికి వచ్చాయి. ఆ సభనే ఇప్పుడు సెనెడ్ అంటారు. రేడియో, టీవీల మీద అధికారం మాత్రం లండన్ పార్లమెంటు దగ్గరే ఉంది.

2021 జనగణన ప్రకారం వేల్స్ జనాభా 31 లక్షలు, ఇంగ్లండ్ జనాభా 5.65 కోట్లు. వేల్స్ రాజధాని కార్డిఫ్ నుంచి వచ్చే వెస్టర్న్ మెయిల్, ఉత్తరాన డైలీ పోస్ట్ ఉన్నా, వేల్స్ ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి లండన్ పత్రికలే. స్కాట్లాండ్‌కు వాటిలో చాలావరకు ప్రత్యేక ఎడిషన్లు వేస్తాయి. వేల్స్‌కు ఆ అదృష్టం లేదు. 1999లో, శాసనసభ వచ్చిన ఏడాదే, డైలీ మిర్రర్ వెల్ష్ మిర్రర్ పేరుతో ఒక ఎడిషన్ మొదలుపెట్టి 2003లో మూసేసింది. 2009లో పోర్ట్ టాల్బట్ అనే ఉక్కు పట్టణంలో ఉన్న స్థానిక వారపత్రిక కూడా మూతపడింది. అలా సొంత సభ వచ్చిన పదేళ్లలోనే దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన పత్రికలు బక్కచిక్కిపోయాయి.

టీవీ సంగతి మరీ స్పష్టంగా లెక్కల్లోకి ఎక్కింది. 2008లో, అప్పట్లో బీబీసీని పర్యవేక్షించిన బీబీసీ ట్రస్ట్ కోసం ప్రొఫెసర్ ఆంథనీ కింగ్ ఒక సమీక్ష చేశారు. దానికి కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు, బ్రిటన్ అంతటా ప్రసారమయ్యే బీబీసీ వార్తల్లో ఆరోగ్యం, విద్య మీద వచ్చిన 136 వార్తలు తీసి చూశారు. ఆ 136 కూడా ఇంగ్లండ్ గురించినవే! వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్ గురించి ఒక్కటీ లేదు. అధికారాలు బదిలీ అయి అప్పటికే తొమ్మిదేళ్లు. వార్త ఇంగ్లండ్‌కు మాత్రమే వర్తిస్తుందన్న సంగతి కూడా చాలాసార్లు చూసేవాళ్లకు తెలిసేలా లేదు. ఆ తర్వాత బీబీసీ తన విలేకరులకు శిక్షణ ఇచ్చింది, తదుపరి పరిశీలనలో మెరుగు కనిపించింది కూడా. ఆ మేరకు బీబీసీకి మార్కులు వేయాలి. కానీ అలవాటు పూర్తిగా పోలేదు.

మందుల చార్జీల వార్తనే తీసుకోండి. డాక్టర్ రాసిన మందులకు చార్జీ వసూలు చేయడాన్ని వేల్స్ 2007 ఏప్రిల్ 1న రద్దు చేసింది, నాలుగు దేశాల్లో అదే మొదటిది. 2010లో ఉత్తర ఐర్లండ్, 2011లో స్కాట్లాండ్ అదే దారి పట్టాయి. ఇంగ్లండ్‌లో ఇంకా ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టాలి. ఆ చార్జీ పెరిగినప్పుడల్లా అది బ్రిటన్ అందరి సమస్య అన్నట్టు వార్త వస్తుంది. 2016లో ఇంగ్లండ్ జూనియర్ డాక్టర్లు కొత్త కాంట్రాక్టు మీద సమ్మె చేశారు. ఆ కాంట్రాక్టుతో వేల్స్ డాక్టర్లకు సంబంధం లేదు, వాళ్లు డ్యూటీలోనే ఉన్నారు. వేల్స్‌లోని స్వాన్సీలో టీవీ ముందు కూర్చున్న రోగికి మర్నాడు తన అపాయింట్‌మెంట్ ఉంటుందా లేదా అన్న టెన్షన్ పట్టుకుంటే, ఆ తప్పు రోగిది కాదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టంగా అనిపించేది ఇంకోటి. ఇంగ్లండ్‌లో ఒక ఆస్పత్రి దెబ్బతింటే వార్తలో అది 'ఎన్‌హెచ్‌ఎస్ సంక్షోభం' అవుతుంది. వేల్స్‌లో అదే జరిగితే 'వేల్స్ వైఫల్యం' అవుతుంది. ఒకచోట వ్యవస్థ కష్టాల్లో ఉన్నట్టు, ఇంకోచోట ఆ దేశానికే పాలించుకోవడం చేతకానట్టు. దీనికి రాజకీయ కారణమూ ఉంది. 1999 నుంచి పాతికేళ్లకు పైగా వేల్స్ ప్రభుత్వాన్ని నడిపింది లేబర్ పార్టీ. 2015 ఎన్నికల ముందు లండన్‌లో ప్రతిపక్షంలో ఉన్న అదే పార్టీ ఎన్‌హెచ్‌ఎస్‌నే ప్రధాన అస్త్రం చేసుకుంది. ఎదుటి కన్సర్వేటివ్ పార్టీకి చేతికి దొరికిన జవాబు వేల్స్. 2022లో లేబర్ నాయకుడు కీర్ స్టార్మర్ వేల్స్ ప్రభుత్వాన్ని తమకు నమూనాగా చెప్పుకున్నాక, 2024 ఎన్నికల ముందు మళ్లీ అదే కథ. వేల్స్ రోగి కష్టం రెండుసార్లూ వేరే ఊరి ఎన్నికల ప్రచారానికి సరుకైంది.

అంకెల దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెద్దది. ఎమర్జెన్సీలో 12 గంటలకు మించి వేచి ఉన్నవాళ్ల సంఖ్య ప్రతి చలికాలం హెడ్‌లైన్లలోకి వస్తుంది. ఒక రోగి ఉదయం 8 గంటలకు ఆస్పత్రికి వచ్చాడనుకుందాం. వార్డులో చేర్చుకోవాలని డాక్టర్ సాయంత్రం 5 గంటలకు నిర్ణయించాడు. బెడ్ దొరికేసరికి తెల్లవారుజామున 4 అయింది. వేల్స్ లెక్క రోగి గుమ్మంలో అడుగు పెట్టినప్పటి నుంచి మొదలవుతుంది కాబట్టి ఇక్కడ అతను 20 గంటలు వేచి ఉన్నట్టు, 12 గంటల జాబితాలోకి ఎక్కుతాడు. ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి ప్రచారంలో ఉన్న 12 గంటల అంకె, చేర్చుకోవాలన్న నిర్ణయం అయినప్పటి నుంచి మొదలయ్యేది. ఆ లెక్కన అతను ఎదురుచూసింది 11 గంటలే, కాబట్టి జాబితాలో పేరే ఉండదు. మనిషి ఒక్కడే, రాత్రి ఒక్కటే. ఇంగ్లండ్ 2023లో గానీ రోగి వచ్చినప్పటి నుంచి లెక్కించిన అంకెలను నెలనెలా ఇవ్వడం మొదలుపెట్టలేదు. అంతవరకూ ఈ రెండు అంకెలను పక్కపక్కన వేసిన ప్రతి పోలికా తప్పే.

క్యాన్సర్ లెక్కలు కూడా ఇంతే. చికిత్స మొదలుపెట్టడానికి ఉన్న 62 రోజుల గడువును జబ్బు ఉందేమోనన్న అనుమానం వచ్చినప్పటి నుంచి లెక్కపెట్టే పద్ధతికి వేల్స్ మారింది. ఇంగ్లండ్ లెక్క అర్జెంట్ రిఫరల్, అంటే రోగిని త్వరగా చూడమని డాక్టర్ రాసే లేఖ, ఆస్పత్రికి అందినప్పటి నుంచి నడుస్తుంది. కఠినమైన కొలత పెట్టుకున్నవాడు సహజంగానే ఎక్కువసార్లు ఫెయిలైనట్టు కనిపిస్తాడు. ఈ మాట వార్త మొదటి పేరాలో రాయడానికి ఒక్క వాక్యం చాలు.

అలాగని వేల్స్ ఆస్పత్రులకు ఏ లోపమూ లేదని చెబితే అది ఇంకో రకం పక్షపాతం. ఉత్తర వేల్స్‌లో వైద్యం చూసే బెట్సీ కడ్వాలడర్ హెల్త్ బోర్డును ప్రభుత్వమే 2015లో ప్రత్యేక పర్యవేక్షణ కిందకు తెచ్చింది, 2020లో ఎత్తేసి 2023లో మళ్లీ పెట్టింది. అక్కడి కుటుంబాల కోపం నిజం. వేల్స్ మంత్రులు తమ ఎమర్జెన్సీ విభాగాలు ఇంగ్లండ్ కంటే నయమని చెప్పుకుంటున్న రోజుల్లోనే, 2023లో, ఎమర్జెన్సీ వైద్యుల రాయల్ కాలేజ్ ఒక సంగతి బయటపెట్టింది. వైద్య కారణాల వల్ల ఎక్కువసేపు ఉంచాల్సి వచ్చిందంటూ వేలాది మందిని వేల్స్ ఆస్పత్రులు గడువు దాటినవాళ్లుగా లెక్కపెట్టడం లేదన్నది. మార్గదర్శకాల ప్రకారమే చేశామని ప్రభుత్వం జవాబిచ్చింది. ఆ జవాబు నాకు సరిపోలేదు. లండన్ పత్రికల పోలికలు తప్పని అనేవాళ్లు తమ అంకెలను అంతకంటే శుభ్రంగా ఉంచుకోవాలి. కార్డిఫ్‌లో గట్టి పత్రికలు ఉండి ఉంటే ఈ సంగతి ఎప్పుడో బయటపడేదని నా నమ్మకం. స్థానిక పత్రికలు బలహీనపడితే దేశానికి అన్యాయమైన నింద పడుతుంది, దేశం నడిపేవాళ్లకు న్యాయంగా పడాల్సిన నింద తప్పిపోతుంది. రెండు నష్టాలూ రోగివే.

మంచి సంగతులకు మాత్రం అంత చోటు దొరకలేదు. అవయవదానానికి అభ్యంతరం చెప్పకపోతే సమ్మతి ఉన్నట్టే అనే చట్టాన్ని వేల్స్ 2015 డిసెంబర్ 1 నుంచి అమలు చేసింది. ఇంగ్లండ్ 2020లో, స్కాట్లాండ్ 2021లో అదే పద్ధతికి వచ్చాయి. వార్డుకు ఎంతమంది నర్సులుండాలో చూసే బాధ్యతను వేల్స్ 2016లోనే చట్టంలో పెట్టింది. వీటిని ఎవరు మొదలుపెట్టారని అడిగితే సరిహద్దు అవతల ఎంతమంది చెప్పగలరు?

కోవిడ్ కాలంలో లండన్ న్యూస్ డెస్కులకు ఈ తేడా తప్పించుకోలేనిదైంది. 2020 మే 10న అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీలో మాట్లాడి, ఇంట్లోనే ఉండండి అన్న నినాదాన్ని మార్చేశారు. వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్ మార్చలేదు. మూడు రోజులకు ఇంగ్లండ్ వాళ్లు వ్యాయామం కోసం కారులో ఎంత దూరమైనా వెళ్లవచ్చని నియమం వచ్చింది. వేల్స్‌లో అది కుదరదు. బ్రెకన్ బీకన్స్ కొండల దగ్గర పోలీసులు సరిహద్దు దాటి వచ్చిన కార్లను వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ తర్వాతే 'ఇంగ్లండ్‌లో' అన్న మాట వార్తల్లో క్రమంగా వినపడసాగింది.

ఆ తర్వాత కొంత కదలిక వచ్చింది. 2024 జనవరిలో రోవన్ విలియమ్స్, లారా మెకలిస్టర్ నాయకత్వంలోని వేల్స్ రాజ్యాంగ కమిషన్, ప్రసార విధానంలో వేల్స్ మాటకు ఎక్కువ బలం ఉండాలని సిఫారసు చేసింది. దాన్ని అమలు చేసే అధికారం కార్డిఫ్‌కు లేదు. అది తేల్చాల్సింది లండన్ పార్లమెంటే.