గేమ్ స్టూడియోల కొనుగోళ్లు, ఎక్స్‌క్లూజివ్ ఆటలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వీడియో గేములు ఆడే యంత్రాన్ని కన్సోల్ అంటారు; ప్లేస్టేషన్ సోనీది, ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్‌ది, మూడో కంపెనీ నింటెండో. ఒకే కంపెనీ కన్సోల్‌పై దొరికే ఆట ఎక్స్‌క్లూజివ్, ఆటలు తయారు చేసే సంస్థ స్టూడియో. ఒక కన్సోల్ కోసం తయారైన ఆటను మరో కన్సోల్‌పై సరిగా నడిచేలా మార్చడాన్ని మా రంగంలో పోర్టింగ్ అంటారు. నేను బెంగళూరులో ఆ పని చేస్తాను. సొంత ఊరు అనంతపురం వచ్చినప్పుడల్లా ఇంజనీరింగ్ చదివే పిల్లలు, సప్తగిరి సర్కిల్ దగ్గర గేమింగ్ సెంటర్ నడిపే మిత్రుడు ఒకే రకమైన ప్రశ్నలు అడుగుతారు. "ఫలానా స్టూడియోను మైక్రోసాఫ్ట్ కొనేసిందంట గదన్నా, ఇంక ప్లేస్టేషన్‌కు ఆ ఆటలు రావా?" అన్నది వాటిలో మొదటిది. ఈ ప్రశ్నల వెనుక ఉన్న అపోహలను వివరంగా చర్చించడం అవసరమని నాకనిపించింది, ఎందుకంటే మన దగ్గర చాలా ఇళ్లలో కన్సోల్ ఒక్కసారే కొంటారు, అది ఏళ్ల తరబడి వాడుకోవలసిన వస్తువు.

అపోహ: కన్సోల్ కంపెనీ స్టూడియోను కొంటే, దాని ఆటలన్నీ ఇక ఆ కన్సోల్‌కే పరిమితం.

వాస్తవం: యాజమాన్యం వేరు, ఆటను ఎక్కడ అమ్మాలన్న నిర్ణయం వేరు. మైక్రోసాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లకు మైన్‌క్రాఫ్ట్ ఆటను తయారుచేసిన మొజాంగ్‌ను కొన్నది, అయినా ఆ ఆట నేటికీ ప్లేస్టేషన్‌పైనా నింటెండోపైనా దొరుకుతోంది. అదే సంస్థ 750 కోట్ల డాలర్లతో బెథెస్డా స్టూడియో మాతృసంస్థ జెనిమ్యాక్స్‌ను 2021 మార్చిలో సొంతం చేసుకున్నాక, 2023 సెప్టెంబరులో బెథెస్డా ఆట స్టార్‌ఫీల్డ్‌ను ఎక్స్‌బాక్స్‌కు, పీసీకి మాత్రమే విడుదల చేసింది. కొనుగోలుదారు ఒకరే అయినా నిర్ణయాలు రెండు విధాలుగా ఉండడానికి కారణం ఆ ఆటల స్వభావం. మైన్‌క్రాఫ్ట్ లాంటిది ఎంతమంది కలిసి ఆడితే అంత ఆదాయం తెస్తుంది కాబట్టి, ఒక కన్సోల్ వారిని బయట పెడితే నష్టం యజమానికే. ఒక్కరే కూర్చుని పదుల గంటలు ఆడే పెద్ద ఆట కొత్తవారిని కన్సోల్ వైపు, నెలవారీ చందా వైపు లాగడానికి పనికివస్తుంది. పోటీదారు స్టోర్‌లో అమ్మితే సాధారణంగా 30 శాతం వాళ్లకు పోతుంది, మిగిలిన 70 శాతాన్ని వదులుకోవడం లాభమా నష్టమా అన్న లెక్క ఒక్కో ఆటకు ఒక్కోలా తేలుతుంది. సోనీ 2022లో 360 కోట్ల డాలర్లకు బంజీ స్టూడియోను కొన్న తర్వాత కూడా దాని ఆట డెస్టినీ 2 ఎక్స్‌బాక్స్‌పై కొనసాగింది.

అపోహ: ఒక ఆట ఒక కన్సోల్‌కు రాలేదంటే, ఎవరో డబ్బిచ్చి ఆపించినట్లే.

వాస్తవం: డబ్బిచ్చి ఆపించే ఒప్పందాలు నిజంగానే ఉన్నాయి. రైజ్ ఆఫ్ ది టూంబ్ రైడర్ 2015 నవంబరులో ఎక్స్‌బాక్స్‌పై వచ్చింది, ప్లేస్టేషన్ 4 వాళ్లు 2016 అక్టోబరు దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఇది గడువు గల ఒప్పందం. మరికొన్ని సందర్భాల్లో ఆట పుట్టడానికే కన్సోల్ కంపెనీ పెట్టుబడి కారణం. నింటెండో ముందుకు రాకపోతే బేయోనెటా 2 వెలుగు చూసేది కాదని దాన్ని తయారు చేసినవారే చెప్పారు. ఆ రెండింటినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. ఒకటి తయారైపోతున్న ఆటను కొందరికి ఆలస్యం చేస్తుంది, మరొకటి లేని ఆటను ఉనికిలోకి తెస్తుంది.

వీటికి తోడు, బయటివాళ్లకు దాదాపు కనిపించని సాంకేతిక కారణం మరొకటి ఉంది. బాల్డర్స్ గేట్ 3 ప్లేస్టేషన్ 5కు 2023 సెప్టెంబరులో వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కు డిసెంబరులో గానీ రాలేదు. ఆ ఆటలో ఇద్దరు ఒకే టీవీ ముందు కూర్చుని, తెరను రెండుగా పంచుకుని, చెరో దిక్కు వెళ్లవచ్చు. అంటే ఆటలోని రెండు వేర్వేరు ప్రాంతాలను, అక్కడి మనుషులను, వస్తువులను కన్సోల్ ఒకేసారి మెమరీలో ఉంచుకోవాలి. పెద్ద ఎక్స్‌బాక్స్‌లో 16 జీబీ మెమరీ ఉంటే, చవకైన సిరీస్ ఎస్‌లో ఉన్నది 10 జీబీ. రెండు ఎక్స్‌బాక్స్‌లపైనా సౌకర్యాలు సమానంగా ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. చివరకు సిరీస్ ఎస్‌లో ఆ విభజన లేకుండానే విడుదలకు అంగీకారం కుదిరింది. ఇందులో ఎవరి కుట్రా లేదు, మెమరీ చాలలేదు, అంతే.

నా బల్లపై ఇలాంటి పని ప్రతిరోజూ ఉంటుంది. ఆట మధ్యలో కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే ఆట వెంటనే ఆగి, తెరపై సందేశం చూపాలి. సేవ్ అవుతుండగా కరెంటు పోతే పాత సేవ్ చెడిపోకూడదు. ఇలాంటి నియమాల జాబితా ఒక్కో కన్సోల్ కంపెనీకి ఒక్కో విధంగా ఉంటుంది, ఒక్కటి తప్పినా పరీక్షలో ఆటను వెనక్కి పంపుతారు. కొద్దిమంది ఉన్న బృందం మూడు కన్సోళ్ల పరీక్షలకూ ఒకేసారి సిద్ధం కాలేక ఒకదానితో మొదలుపెట్టడం మా రంగంలో సర్వసాధారణం.

అపోహ: పెద్ద కంపెనీ కొన్నదంటే స్టూడియోకు ఇక భద్రత దొరికినట్లే.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇది. జెనిమ్యాక్స్‌తో పాటు మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చిన జపాన్ స్టూడియో టాంగో గేమ్‌వర్క్స్ 2023 జనవరిలో విడుదల చేసిన హై-ఫై రష్ ఎన్నో ప్రశంసలు పొందింది. 2024 మేలో ఆ స్టూడియోను మూసివేస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో క్రాఫ్టన్ అనే మరో గేమ్ సంస్థ ఆ బృందాన్నీ ఆట హక్కులనూ తీసుకోవడం అరుదైన అదృష్టం. 2006లో కొన్న లయన్‌హెడ్ స్టూడియోను మైక్రోసాఫ్ట్ 2016లో మూసివేసింది. సోనీ 1993లో కొన్న సిగ్నోసిస్, స్టూడియో లివర్‌పూల్ పేరుతో 2012 దాకా నడిచి మూతపడింది. 2023లో సోనీ చేతికి వచ్చిన ఫైర్‌వాక్, తన ఆట కాంకర్డ్‌ను విడుదలైన రెండు వారాలకే ఉపసంహరించుకోవలసి వచ్చాక, 2024 అక్టోబరులో మూతపడింది. కాల్ ఆఫ్ డ్యూటీ ఆటల సంస్థ యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొనడం పూర్తయిన కొద్ది నెలలకే, 2024 జనవరిలో, మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 ఉద్యోగాలు పోయాయి. మాతృసంస్థ ఖర్చులు తగ్గించుకోవాలనుకున్నప్పుడు బెంగళూరు, హైదరాబాద్‌లలో కాంట్రాక్టుపై పనిచేసే కళాకారులకు, టెస్టర్లకు కూడా ఆ సెగ తగులుతుంది.

ఇందులో యువత గమనించని అంశం మరొకటి ఉంది. అమ్ముడుపోయిన తర్వాత ఆట పేరు, పాత్రలు, కథ అన్నీ యజమాని ఆస్తి. 2007లో మైక్రోసాఫ్ట్ నుంచి బంజీ విడిపోయినప్పుడు, తాను సృష్టించిన హేలో ఆటను అక్కడే వదిలి వెళ్లవలసి వచ్చింది. అయితే కొనుగోళ్లన్నీ చేటేనని కూడా అనలేము. నాటీ డాగ్ స్టూడియో 2001 నుంచి సోనీ నీడలో నిలకడగా పనిచేస్తోంది. ఇన్‌సామ్నియాక్ అనే స్టూడియో చాలా ఏళ్లు సోనీ కోసం ఆటలు చేసి, 2018లో స్పైడర్-మ్యాన్‌తో విజయం సాధించిన తర్వాతే 2019లో సోనీకి అమ్ముడైంది. ముందు నుంచీ కలిసి పనిచేసిన అనుభవం ఉన్న కొనుగోళ్లు ఎక్కువకాలం నిలుస్తాయన్నది నా అభిప్రాయం.

అపోహ: యాక్టివిజన్ కొనుగోలుపై వివాదమంతా కాల్ ఆఫ్ డ్యూటీ ప్లేస్టేషన్‌కు దూరమవుతుందనే.

వాస్తవం: 6,870 కోట్ల డాలర్ల ఆ కొనుగోలును 2022 జనవరిలో ప్రకటించినప్పుడు అందరూ అనుకున్నది అదే. కానీ బ్రిటన్ నియంత్రణ సంస్థ 2023 ఏప్రిల్‌లో దాన్ని అడ్డుకున్నది క్లౌడ్ గేమింగ్ (ఆట దూరాన ఉన్న సర్వర్‌పై నడుస్తుంటే ఇంటర్నెట్ ద్వారా ఆడడం) మార్కెట్ ఒకరి గుప్పిట్లోకి పోతుందన్న కారణంతో. ఆ ఆటల క్లౌడ్ హక్కులను 15 ఏళ్ల పాటు మరో గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్‌కు ఇవ్వడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్నాకే అక్టోబరులో కొనుగోలు పూర్తయింది. కాల్ ఆఫ్ డ్యూటీని ప్లేస్టేషన్‌పై ఉంచేందుకు సోనీతో పదేళ్ల ఒప్పందం అప్పటికే కుదిరింది.

అపోహ: ఎక్స్‌క్లూజివ్‌ల కాలం ముగిసింది, ఇక ఏ కన్సోల్ కొన్నా ఒకటే.

వాస్తవం: గోడలు తగ్గిన మాట నిజం. మైక్రోసాఫ్ట్ ఆట ఫోర్జా హొరైజన్ 5 ప్లేస్టేషన్‌కు 2025 ఏప్రిల్‌లో వచ్చింది, సోనీ ప్రచురించిన హెల్‌డైవర్స్ 2 అదే ఏడాది ఆగస్టులో ఎక్స్‌బాక్స్‌కు వెళ్లింది. సోనీ తన పెద్ద ఆటలను కొంతకాలం తర్వాత పీసీకి ఇవ్వడం 2020లో హొరైజన్ జీరో డాన్‌తో ఊపందుకుంది. నింటెండో మాత్రం మారియో, జెల్డా ప్రధాన ఆటలను తన కన్సోళ్లకే ఉంచుకుంటోంది. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశంలో 49,990 రూపాయలకు వచ్చింది. అంత పెట్టేముందు కంపెనీ పేరు కంటే ఆడబోయే ఆటల పేర్లు రాసుకోవడం మేలు. మా మిత్రుడి సెంటర్‌లో పిల్లలు ఎక్కువగా అడిగేవి ఫుట్‌బాల్, డబ్ల్యూడబ్ల్యూఈ, టెక్కెన్, జీటీఏ. అవి సోనీ, మైక్రోసాఫ్ట్ రెండు కంపెనీల కన్సోళ్లపైనా దొరుకుతాయి కాబట్టి, అనంతపురంలో రిపేరు దేనికి సులభంగా దొరుకుతుందో, అదనపు కంట్రోలర్ దేనికి చవకో చూసి కొనమని చెప్పాను.