స్టీమ్‌లో ఒకరు, ఎపిక్‌లో ఒకరు: కలిసి ఆడటంపై అపోహలు - వాస్తవాలు

"అన్నా, నేను ఎపిక్‌లో ఫ్రీగా ఇచ్చినప్పుడు తీసుకున్నా. మావాడు స్టీమ్ సేల్‌లో కొన్నాడు. ఇద్దరం కలిసి ఆడొచ్చా?"

స్టీమ్, ఎపిక్ రెండూ పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్లు. మల్టీప్లేయర్ గేముల నెట్‌వర్కింగ్ పనిలో ఉన్నవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. 2020 మేలో ఎపిక్ స్టోర్ జీటీఏ 5ను ఉచితంగా ఇచ్చాక మరీ ఎక్కువైంది. అన్న ఒక స్టోర్‌లో కొంటాడు, తమ్ముడు ఇంకో స్టోర్‌లో, డాలస్‌లో ఉన్న బావ మూడో స్టోర్‌లో. గేము ఒకటే, స్క్రీన్ మీద కనిపించేదీ ఒకటే. కొన్ని గేముల్లో క్షణంలో కలుస్తారు, కొన్నిటిలో రాత్రంతా తిప్పలు పడ్డా కలవరు. ఈ తేడా ఎందుకొస్తుందో తెలియక రకరకాల మాటలు ప్రచారంలోకి వచ్చాయి. ఈ పని చేసేవాడిగా వాటి సంగతి చెప్పాలనిపించింది.

అపోహ: రెండూ పీసీ వెర్షన్లే కదా, వాటంతట అవే కలుస్తాయి.

కలవవు. 2016 నవంబరులో కాల్ ఆఫ్ డ్యూటీ: ఇన్ఫినిట్ వార్‌ఫేర్ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్నవాళ్లు స్టీమ్‌లో కొన్నవాళ్లతో ఆడలేకపోయారు. అదే విండోస్, అదే గేము, అదే రోజు విడుదల. అయినా మైక్రోసాఫ్ట్ స్టోర్ వాళ్లకు లాబీల్లో, అంటే ఆట మొదలయ్యే ముందు అందరూ చేరే చోట, మనుషులే దొరకలేదు. డీప్ రాక్ గెలాక్టిక్‌ది ఇంకా విచిత్రమైన పరిస్థితి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్న పీసీ ఆటగాడు ఎక్స్‌బాక్స్ కన్సోల్ వాళ్లతో ఆడగలడు, పక్క గదిలో స్టీమ్‌లో ఆడుతున్న సొంత తమ్ముడితో మాత్రం ఆడలేడు.

కారణం తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. స్టీమ్‌లో గేము తెరవగానే ఆ గేముకు మీరు ఒక నంబరుగా తెలుస్తారు. 7656119తో మొదలయ్యే 17 అంకెల నంబరు అది. మీరు లాబీ తెరిస్తే అది స్టీమ్ సర్వర్లలో తెరుచుకుంటుంది. ఫ్రెండ్‌ను పిలిస్తే ఆ పిలుపు స్టీమ్ ద్వారానే వెళ్తుంది. అవతలి కంప్యూటర్‌కు డేటా పంపే చోట కూడా చాలా గేముల కోడ్‌లో ఐపీ అడ్రస్ కనిపించదు. "ఈ నంబరున్న ఆటగాడికి ఈ ప్యాకెట్ (డేటా ముక్క) చేర్చు" అని మాత్రమే ఉంటుంది. ఎపిక్‌లో కొన్నవాడికి అసలు ఆ నంబరే లేదు. గేము అతన్ని అడ్డుకోవడం లేదు. అలాంటి మనిషి ఒకడున్నాడని దానికి తెలియదు, అంతే.

అందుకే రెండు స్టోర్ల వాళ్లు కలవాలంటే రెండు స్టోర్లకూ చెందని మూడో గుర్తింపు ఒకటి కావాలి. జీటీఏ ఆన్‌లైన్‌లో అది రాక్‌స్టార్ ఖాతా. కాబట్టి ఫ్రీగా తీసుకున్న మీరూ, డబ్బు పెట్టి కొన్న మీవాడూ హాయిగా ఒకే సెషన్‌లో ఆడొచ్చు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్‌లో, సీ ఆఫ్ థీవ్స్‌లో ఆ పని మైక్రోసాఫ్ట్ ఖాతా చేస్తుంది. స్టీమ్‌లో కొన్నా అక్కడ సైన్ ఇన్ అవమని అడిగేది ఇందుకే. ఇంకో ఖాతా తెరవాలంటే చిరాకే, నిజమే. కానీ స్నేహితులను కలిపేది చాలాసార్లు ఆ చిరాకు పెట్టే ఖాతానే.

అపోహ: స్టోర్లే పోటీ కొద్దీ కావాలని అడ్డుకుంటున్నాయి.

కన్సోళ్ల విషయంలో ఇందులో కొంత నిజం ఉండేది. ఫోర్ట్‌నైట్‌కు పూర్తి క్రాస్‌ప్లే (వేర్వేరు ప్లాట్‌ఫామ్‌ల వాళ్లు కలిసి ఆడటం) ఇవ్వడానికి సోనీ 2018 సెప్టెంబరు దాకా ఒప్పుకోలేదు. పీసీలో కథ వేరు. మీ గేము ఇతర స్టోర్ల వాళ్లతో కలవకూడదని స్టీమ్ అనదు. ఎపిక్ అయితే 2023 మార్చిలో డెవలపర్లు సొంతంగా గేములు పెట్టుకునే సదుపాయం తెచ్చినప్పుడు, మల్టీప్లేయర్ గేమైతే ఏ పీసీ స్టోర్‌లో కొన్నవాళ్లయినా కలిసి ఆడగలగాలని షరతే పెట్టింది. జీవోజీ అనే ఇంకో పీసీ స్టోర్ కూడా తన గెలాక్సీ సాఫ్ట్‌వేర్ ద్వారా స్టీమ్‌తో కలిపే వసతి ఇస్తోంది; స్టార్‌డ్యూ వ్యాలీలో జీవోజీ, స్టీమ్ ఆటగాళ్లు కలవడం వెనక ఉన్నది అదే.

అసలు అడ్డంకి డెవలపర్ మొదట్లో తీసుకున్న నిర్ణయం. ముగ్గురు కుర్రాళ్లు కలిసి ఒక కో-ఆప్ గేము (ఆటగాళ్లు ఒకే జట్టుగా ఆడేది) మొదలుపెట్టారనుకోండి. స్టీమ్ డెవలపర్లకు ఇచ్చే స్టీమ్‌వర్క్స్‌లో లాబీ, ఇన్వైట్, ఫ్రెండ్స్ లిస్ట్, డేటా చేరవేత అన్నీ సిద్ధంగా దొరుకుతాయి, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. స్టీమ్ తమ గేముకు ఇచ్చే యాప్ నంబరు రాకముందే, స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ ఉదాహరణ గేము స్పేస్‌వార్ నంబరు 480 పెట్టుకుని ఆ సాయంత్రమే ఇద్దరు కలిసి ఆడి చూసుకోవచ్చు. ఎవరైనా అదే దారి పడతారు, అందులో తప్పు లేదు. కానీ రెండేళ్లు గడిచేసరికి ఆ 17 అంకెల నంబరు కోడంతా పాకిపోతుంది. సేవ్ ఫైల్ పేరులో అదే, లీడర్‌బోర్డులో అదే, బ్యాన్ లిస్టులో అదే. అప్పుడు ఇంకో స్టోర్‌లో పెడదామంటే నెట్‌వర్క్ ఒక్కటే మార్చితే సరిపోదు, గేములో "ఆటగాడు" అనే భావననే మార్చాలి. నెలల పని అది. చిన్న టీమ్ దగ్గర అంత డబ్బు, ఓపిక ఉండవు. దాంతో "రెండో స్టోర్‌లో పెడతాం కానీ కలవరు" అని విడుదల చేసేస్తారు.

ఈ పోస్టు చదివేవాళ్లలో గేములు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే. మొదటి రోజునే ఆటగాడికి మీ సొంత ఐడీ పెట్టుకోండి. స్టీమ్ నంబరు ఆ ఐడీకి తగిలించిన ఒక వివరంగానే ఉండాలి. లాబీ పిలుపులన్నీ ఒకే ఫైల్ గుండా వెళ్లేలా చూసుకోండి. దీనికి పట్టే టైమ్ రెండు మూడు రోజులకు మించదు.

ఇది స్టోర్ల సంగతి మాత్రమే కాదు. 2014 మే 31న గేమ్‌స్పై అనే ఆన్‌లైన్ సర్వీసు మూతపడింది. అప్పటికి ఎన్నో పీసీ గేములు ఆటగాళ్లను కలిపే పని దానికే అప్పగించి ఉన్నాయి. బోర్డర్‌ల్యాండ్స్ లాంటివాటిని వాటి కంపెనీలు స్టీమ్‌వర్క్స్‌కు మార్చి బతికించాయి. పట్టించుకునే దిక్కులేని గేముల్లో మల్టీప్లేయర్ మెనూ అలాగే ఉండిపోయింది, నొక్కితే ఎవరూ రారు.

అపోహ: గేములో ఎపిక్ ఆన్‌లైన్ సర్వీసెస్ ఉందంటే ఎపిక్ ఖాతా తెరవాల్సిందే.

స్టీమ్‌లో ఒక గేము పేజీ కింద ఈ పేరు కనపడగానే నెగెటివ్ రివ్యూలు వచ్చి పడుతుంటాయి. కొంచెం ఆగి చూడాలి. ఇది ఆటగాళ్లను కలిపే పనులకు డెవలపర్లు వాడుకునే సర్వీసు. ఎపిక్ దీన్ని 2019లో ఉచితంగా ఏ స్టోర్ గేముకైనా ఇచ్చింది. ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి ఎపిక్ ఖాతా, అంటే ఈమెయిల్, పాస్‌వర్డ్, ఫ్రెండ్స్ లిస్ట్. రెండోది గేముకు మాత్రమే పనికొచ్చే ఐడీ. స్టీమ్ ఇచ్చిన టికెట్‌ను (ఆటగాడి గుర్తింపుకు రుజువును) గేము అక్కడికి పంపితే, "ఇతను స్టీమ్‌లో నిజంగానే ఉన్నాడు" అని సరిచూసుకుని 32 అక్షరాల ఐడీ ఒకటి ఇస్తుంది. ఈమెయిల్ అడగదు. లాబీ, మ్యాచ్‌మేకింగ్ ఆ ఐడీతోనే నడుస్తాయి. శాటిస్‌ఫాక్టరీలో స్టీమ్, ఎపిక్ ఆటగాళ్లు కలిసి ఫ్యాక్టరీలు కట్టుకోగలగడం ఈ సర్వీసు పుణ్యమే.

ఎపిక్ ఖాతా ఎప్పుడు కావాలంటే, రెండు స్టోర్ల ఫ్రెండ్స్ లిస్టులు ఒకే ఓవర్‌లేలో, అంటే ఆట మీదే తెరుచుకునే కిటికీలో, కనిపించాలనుకున్నప్పుడు. 2022 జూన్‌లో వచ్చిన ఆ ఓవర్‌లేకు ఖాతా ఉండాలి. దాన్ని తప్పనిసరి చేయాలా, వద్దా అన్నది గేము చేసినవాళ్ల ఇష్టం. ఇన్వైట్ కోడ్‌తో కలిసే దారి ఉంచితే అదీ అక్కర్లేదు, నా ఓటు ఎప్పుడూ కోడ్‌కే. ముందు లేని ఖాతాను మధ్యలో తప్పనిసరి చేస్తే ఏమవుతుందో 2024 మేలో హెల్‌డైవర్స్ 2 చూపించింది. స్టీమ్ ఆటగాళ్లంతా ప్లేస్టేషన్ ఖాతా కలపాలని సోనీ ప్రకటించింది. ఆ ఖాతా తెరిచే వీలే లేని దేశాల్లోనూ గేము అమ్ముడైంది. రివ్యూల వరద వచ్చింది, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది.

అపోహ: ఇద్దరి వెర్షన్ నంబరు ఒకటే అయితే చాలు.

నంబరు కలవడం మొదటి మెట్టే. స్టీమ్‌లో ప్యాచ్‌ను (గేము అప్‌డేట్‌ను) డెవలపర్ తనంతట తాను నిమిషాల్లో వదలగలడు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో అదే ప్యాచ్ పరిశీలన దాటాలి. మధ్యలో ఉన్న ఆ రోజుల్లో ఇద్దరూ కలవలేరు. పాల్‌వరల్డ్ 2024 జనవరిలో స్టీమ్‌లోనూ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ ఒకేసారి వచ్చినా అప్‌డేట్లు వేర్వేరుగా నడిచాయి, క్రాస్‌ప్లే 2025 మార్చిలో గానీ రాలేదు.

ఇంకో చిక్కు లెక్కలది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, ఫ్యాక్టోరియో లాంటి గేములు వేల యూనిట్ల స్థానాలను నెట్‌లో పంపవు. ఆటగాడు ఏం నొక్కాడో మాత్రం పంపి, మిగతా లెక్కంతా ప్రతి కంప్యూటర్‌లో విడివిడిగా చేయిస్తాయి. అందరి జవాబూ చివరి అంకె దాకా ఒకటే రావాలి. ఒక స్టోర్ కోసం చేసే బిల్డును (గేము ప్రతిని) వేరే కంపైలర్ సెట్టింగుతో, అంటే కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే టూల్‌ను వేరేగా అమర్చి, తయారుచేస్తే దశాంశ లెక్కలో ఎక్కడో చిన్న తేడా వస్తుంది. మీ స్క్రీన్ మీద బతికున్న గుర్రం అవతలి స్క్రీన్ మీద చచ్చిపోతుంది. ఆ తర్వాత ఆట ఆగిపోతుంది. ఇలాంటి గేమును రెండు స్టోర్ల మధ్య సరిగ్గా నడిపించిన టీమ్ ఎక్కడున్నా వాళ్లకు దండం పెట్టాల్సిందే.

మోడ్లు (గేముకు ఆటగాళ్లు చేసుకునే మార్పులు) కూడా అంతే. స్టీమ్ వర్క్‌షాప్ మోడ్లు మిగతా స్టోర్ల వాళ్లకు సులువుగా అందవు. ఫ్యాక్టోరియో సొంత మోడ్ పోర్టల్ నడుపుతుంది, ఎక్కడ కొన్నా సరే సేవ్‌లో ఉన్న మోడ్లన్నీ ఒక బటన్‌తో వచ్చేస్తాయి. బల్దూర్స్ గేట్ 3 కూడా మోడ్.ఐఓ అనే మోడ్ల సర్వీసును గేములోనే పెట్టింది.

అపోహ: వేరే స్టోర్ వాళ్లతో ఆడితే లాగ్ (ఆట ఆలస్యంగా స్పందించడం) వస్తుంది.

స్టోర్‌కు, పింగ్‌కు (డేటా పోయి రావడానికి పట్టే సమయానికి) సంబంధం లేదు, దూరానికి ఉంది. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు సూటిగానే దాదాపు 14 వేల కిలోమీటర్లు. పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు ఎలాగూ పడుతుంది, కేబుళ్లు చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే. బావ స్టీమ్‌కు మారినా ఇది తగ్గదు.

రిలేల వల్ల, అంటే ఆటగాళ్ల మధ్య డేటాను అందుకుని చేరవేసే సర్వర్ల వల్ల, మాత్రం కొంత తేడా ఉంటుంది. స్టీమ్‌కు ముంబైలో, చెన్నైలో రిలేలు ఉన్నాయి. మనవాళ్లు మనవాళ్లతో ఆడేటప్పుడు ట్రాఫిక్ దేశం దాటక్కర్లేదు. ఆ వసతి స్టీమ్‌వర్క్స్‌తో వచ్చేది కాబట్టి క్రాస్‌ప్లే గేము వేరే రిలేలు వాడుకోవాలి. దగ్గర్లో రిలే లేని సర్వీసు ఎంచుకుంటే, విజయవాడ నుంచి గుంటూరుకు పంపిన ప్యాకెట్ కూడా విదేశాలు తిరిగి రావచ్చు.

అపోహ: ఐపీ టైప్ చేసి కలిస్తే ఏ స్టోర్ గొడవా ఉండదు.

టెర్రేరియా లాంటి గేముల్లో ఇది నిజంగానే అద్భుతంగా పనిచేస్తుంది. జీవోజీ, స్టీమ్ ఆటగాళ్లు ఐపీ, 7777 పోర్టు ఇచ్చుకుని కలుస్తారు. ఏ కంపెనీ మూతపడినా ఆ దారి మూతపడదు, అందుకే ప్రతి గేములోనూ ఇది ఉండాలని కోరుకుంటాను. అయితే మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతారు. రూటర్‌లో పోర్టు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. రూటర్ పేజీలో చూపించే వాన్ ఐపీ (రూటర్‌కు బయటి వైపు ఉండే అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీదీ ఆ బాపతే. అప్పుడు స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేదా పబ్లిక్ ఐపీ ఉన్న ఫ్రెండ్‌తో హోస్ట్ చేయించాలి.

అపోహ: క్రాస్‌ప్లే ఉందంటే డీఎల్‌సీలూ (గేముకు విడిగా కొనే అదనపు భాగాలూ) సేవ్‌లూ వెంట వస్తాయి.

మూడూ వేర్వేరు. డెస్టినీ 2లో పాత్రను ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు, స్టీమ్‌లో కొన్న ఎక్స్‌పాన్షన్ మాత్రం ఎపిక్‌లో ఆడాలంటే మళ్లీ కొనాలి.

అపోహ: స్టీమ్ పేజీలో "క్రాస్-ప్లాట్‌ఫామ్ మల్టీప్లేయర్" అని ఉంటే ఎపిక్ వాళ్లతో ఆడొచ్చు.

ఆ ముద్ర ఎవరితో ఆడొచ్చో చెప్పదు. విండోస్, మ్యాక్ ఆటగాళ్లు స్టీమ్‌లోనే కలిసినా పెట్టొచ్చు, కన్సోళ్లతో కలిసినా పెట్టొచ్చు. గేము అధికారిక సైట్‌లో ప్రశ్నలు-జవాబుల పేజీ చూడండి, అక్కడ స్టోర్ల పేర్లు విడివిడిగా రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. కొన్న రోజే ఇద్దరూ కలిసి ఒక లాబీలోకి వెళ్లి పరీక్షించండి. స్టీమ్‌లోనైనా, ఎపిక్‌లోనైనా కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే మామూలుగా డబ్బు వాపసు అడగొచ్చు.