విండోస్ 3.1లో లేని ముక్క: ట్రంపెట్ విన్‌సాక్

1992 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ 3.1లో టీసీపీ/ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి, లేదు. మోడెమ్‌తో ఫోన్ కలపడానికి టెర్మినల్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది, అంతే. దానితో అవతలి యూనిక్స్ మెషిన్‌లోకి లాగిన్ అయి అక్షరాలు చదువుకోవచ్చు గానీ, ఇంట్లో ఉన్న పీసీకి ఇంటర్నెట్‌లో సొంత చిరునామా ఉండదు. మొజాయిక్ లాంటి బ్రౌజర్ నడవాలంటే పీసీలోనే ఐపీ ప్యాకెట్లు (చిరునామా అంటించిన డేటా ముక్కలు) తయారుచేసి మోడెమ్ గుండా పంపే పొర ఒకటి కావాలి.

స్టాక్ అని పిలిచే ఆ పొరను అప్పటికే కొన్ని కంపెనీలు అమ్మేవి. ఒకరి స్టాక్ కోసం రాసిన ప్రోగ్రాం ఇంకొకరి స్టాక్ మీద నడిచేది కాదు. 1991 అక్టోబరులో ఇంటరాప్ అనే నెట్‌వర్కింగ్ సమావేశంలో మార్టిన్ హాల్ చొరవతో మొదలైన చర్చ విన్‌సాక్ ప్రమాణంగా రూపుకట్టింది, 1993 జనవరిలో 1.1 వెర్షన్ వచ్చింది. స్టాక్ ఎవరిదైనా సరే, విన్‌సాక్.డీఎల్ఎల్ అనే ఒకే ఫైలు పేరుతో ఒకే ఫంక్షన్లు ఇవ్వాలన్నది ఒప్పందం. మంచి నిర్ణయమే, కానీ ఆ ఒకే పేరే తర్వాత చాలా తలనొప్పులు తెచ్చింది.

ఇంటి పీసీకి ఈ పొరను అందించినవాడు ఆస్ట్రేలియాలో టాస్మానియా విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర విభాగంలో ప్రోగ్రామర్‌గా ఉన్న పీటర్ టాటమ్. 1994లో ఆయన ట్రంపెట్ విన్‌సాక్‌ను షేర్‌వేర్‌గా విడుదల చేశాడు. 30 రోజులు వాడి చూసి, నచ్చితే 25 డాలర్లు పంపాలి.

ఇంటర్నెట్‌లోకి వెళ్లడానికి కావాల్సిన ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నది ఇంటర్నెట్‌లోనే. షెల్ అకౌంట్ (యూనిక్స్ మెషిన్‌లో అక్షరాలతో ఆదేశాలు కొట్టే అకౌంట్) ఉంటే ముందు ఆ మెషిన్‌కు ఎఫ్‌టీపీ అనే ఫైళ్లు తెచ్చే ప్రోగ్రాంతో జిప్ ఫైలు తెచ్చుకోవాలి. అక్కడ ‘బైనరీ’ అని కొట్టడం మరిచిపోతే ఫైలు పాడై, జిప్ విప్పే పీకేఅన్‌జిప్ తప్పు చూపిస్తుంది. తర్వాత ఆ ఫైలును ఫోన్ లైను మీద పీసీలోకి దించాలి. విండోస్ టెర్మినల్‌కు ఫైళ్లు పంపే పద్ధతుల్లో ఎక్స్‌మోడెమ్, కెర్మిట్ మాత్రమే తెలుసు. ఎక్స్‌మోడెమ్ 128 బైట్ల ముక్క పంపి, అవతలి నుంచి అందిందన్న జవాబు వచ్చేదాకా ఆగుతుంది. అందుకే తెలిసినవాళ్లు డాస్‌లో టెలిక్స్ అనే మోడెమ్ ప్రోగ్రాం పెట్టుకుని, అలా ఆగకుండా పంపే జెడ్‌మోడెమ్ వాడేవారు. 9600 బిట్ల మోడెమ్ వేగంలో సెకనుకు గరిష్ఠంగా 960 బైట్లు వస్తాయి కాబట్టి 200 కేబీ ఫైలుకు మూడున్నర నిమిషాలు పట్టేది. మోడెమ్ ఉన్నా షెల్ అకౌంట్ లేనివారికి దారి ఒక్కటే, స్నేహితుడి ఫ్లాపీ.

ఇన్‌స్టాలర్ ఉండేది కాదు. డైరెక్టరీ తయారుచేసి ఫైళ్లు విప్పుకుని, పీసీ లేవగానే నడిచే ఆటోఎగ్జెక్.బ్యాట్‌లోని పాత్ వరుసలో దాని పేరు చేర్చి, రీబూట్ చేయాలి. ఆపైన ట్రంపెట్‌లోని టీసీపీమ్యాన్ ప్రోగ్రాం తెరిస్తే సెటప్ పలక వస్తుంది. ఫోన్ లైను మీద ప్యాకెట్లు పంపే పాత పద్ధతి స్లిప్ వాడేవారు చాలాసార్లు ఐపీ చిరునామాను చేత్తో టైపు చేయాల్సి వచ్చేది. 1988 నాటి ఆ ప్రోటోకాల్‌లో చిరునామా అడిగి తీసుకునే ఏర్పాటు లేదు, తప్పులు పట్టే ఏర్పాటూ లేదు. ట్రంపెట్ 2.0తో పీపీపీ అనే కొత్త పద్ధతి చేరాక 0.0.0.0 అని వదిలేస్తే సర్వరే చిరునామా ఇచ్చేది. ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణమైన ఎంటీయూ 1500 బైట్లు అయితే, అందులో అసలు డేటాకు మిగిలే ఎంఎస్ఎస్ 1460 ఉండాలి, ఎందుకంటే ఐపీకి 20, టీసీపీకి 20 బైట్ల హెడర్లు పోతాయి. పీసీ, మోడెమ్ ఒకదాన్నొకటి కాస్త ఆగమని చెప్పుకునే హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ పెట్టె టిక్ చేయకపోతే కనెక్షన్ కుదిరి, పెద్ద ఫైలు మధ్యలో నిలిచిపోయేది.

నంబరు తిప్పడం, పేరు, పాస్‌వర్డ్ పంపడం అన్నీ లాగిన్.సీఎండీ అనే స్క్రిప్ట్ పని. సర్వరు చూపే ‘లాగిన్:’ అక్షరాలకూ స్క్రిప్ట్ ఎదురుచూసే అక్షరాలకూ చిన్న తేడా ఉన్నా చాలు, గడువు ముగిసేదాకా కాచుకుని ఫోన్ పెట్టేసేది. టోన్ తీసుకోని ఎక్స్ఛేంజి అయితే మోడెమ్‌కు ఇచ్చే టోన్ ఆదేశం ఏటీడీటీ బదులు పల్స్ కోసం ఏటీడీపీ రాయాలి.

అసలు మొండి సమస్యలు హార్డ్‌వేర్‌వి. కామ్1, కామ్3 అనే సీరియల్ పోర్టులు రెండూ, ప్రాసెసర్‌ను పిలిచే ఐఆర్‌క్యూ 4 లైనునే పంచుకుంటాయి. మౌస్ ఒకదానిమీద, మోడెమ్ రెండోదానిమీద ఉంటే డయల్ అవుతుండగానే మౌస్ బిగుసుకుపోయేది. సీరియల్ పోర్టును నడిపే 8250 యూఆర్ట్ చిప్ ఒక్క బైటునే పట్టుకుంటుంది. విండోస్ వేరే పనిలో ఉండగా తర్వాతి బైటు వచ్చిపడితే ముందుది పోతుంది. 16550ఏ చిప్‌లో 16 బైట్ల బఫర్ ఉంది. 14.4 కిలోబిట్ల మోడెమ్ కొన్నవారికి ఈ చిప్ ఉన్న కార్డు మార్చుకోవడమే అన్నిటికన్నా పనికొచ్చిన ఖర్చు.

మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు అకౌంట్లు రెండు రకాలు: షెల్, టీసీపీ/ఐపీ. విండోస్ 3.1 యంత్రం ఉన్నవారు ట్రంపెట్ లాంటి స్టాక్ ఉంటేనే రెండో రకాన్ని వాడుకోగలిగేవారు.

అదే నెల 24న విండోస్ 95 సొంత టీసీపీ/ఐపీతో, డయల్ అప్ నెట్‌వర్కింగ్‌తో వచ్చింది. ఒకే పేరుతో వచ్చిన చిక్కు ఇక్కడే బయటపడింది. విండోస్ డైరెక్టరీలో ఒక విన్‌సాక్.డీఎల్ఎల్, ట్రంపెట్ డైరెక్టరీలో మరొకటి. ఏది ముందు మెమరీలోకి ఎక్కితే మిగతా 16 బిట్ ప్రోగ్రాములన్నిటికీ అదే దొరికేది. పైగా 32 బిట్ బ్రౌజర్లు డబ్ల్యూసాక్32.డీఎల్ఎల్ కోసం వెతికేవి, అది ట్రంపెట్ 2 వరుసలో లేదు. ట్రంపెట్ ఫైలు పేరు మార్చి రీబూట్ చేయడమే మందు.

డబ్బు మాత్రం టాటమ్‌కు చేరాల్సినంత చేరలేదు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకడం వల్లే ఆ ప్రోగ్రాం ఇంటింటికీ వెళ్లింది. ఎవరు వాడుతున్నారో రాసినవాడికి తెలియకుండా పోయిందీ అందువల్లే. వాడేవారి బద్ధకాన్ని అర్థం చేసుకోవచ్చు, దాని మీద వ్యాపారం చేసినవారి విషయంలో ఆ సర్దుబాటు కుదరదు. ఓజెమెయిల్ అనే ఆస్ట్రేలియా సంస్థ పత్రికలతో ఇచ్చే ఫ్లాపీల్లో దీన్ని పంచింది. ట్రంపెట్ సంస్థ కోర్టుకెళ్లింది, 1996లో ఫెడరల్ కోర్టు కాపీరైట్ ఉల్లంఘన జరిగిందని తేల్చింది. అప్పటికి విండోస్ 95 వచ్చి ఏడాది కావస్తోంది. 2011లో ఈ సంగతి మళ్లీ చర్చకు వచ్చినప్పుడు, ఒకప్పుడు డబ్బు కట్టకుండా వాడుకున్నవారు కొందరు ఆయనకు పేపాల్‌లో తమ బాకీ పంపారు.