టాప్ తీసే బండికి వెనక స్పీకర్లు: అపోహలు, వాస్తవాలు

"అన్నా, వెనక రెండు ఓవల్స్ వెయ్యి. టాప్ తీస్తే పాట ఇనవడ్తలేదు."

సాగర్ గేట్లు ఎత్తిన వారమైతే ఈ మాట నా షాపులో రోజూ వినిపిస్తుంది. ఓవల్స్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద కారు స్పీకర్లు. అడిగేవాళ్లు ఎక్కువగా మహీంద్రా థార్ సాఫ్ట్ టాప్ (గుడ్డ టాప్) కుర్రాళ్లు. అప్పుడప్పుడు హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి మీదుగా దిగిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చి ఆగుతుంది, బజారంతా దాని చుట్టూ పోగవుతుంది, ఓనర్ కిందికి దిగి అదే మాట అంటాడు. నల్లగొండలో 18 ఏళ్లుగా కార్లకు స్పీకర్లు బిగిస్తున్నాను. మూసి ఉన్న బండి గురించి నేర్చుకున్న దాంట్లో సగం, టాప్ తీయగానే పనికిరాకుండా పోతుందని అర్థం కావడానికి నాకే చాలా కాలం పట్టింది. అందుకే అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఈ మాట ఎక్కించే వీడియోల మీద ఉంది.

అపోహ: వెనక స్పీకర్లు పెడితే టాప్ తీసినా పాట గట్టిగా వినిపిస్తుంది

వినిపించదు. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త ఓపికగా చదవండి, మిగతావి తొందరగా చెప్పేస్తాను.

టాప్ మూసినప్పుడు కారు ఒక గది. స్పీకర్ శబ్దం అద్దాలకు, రూఫ్‌కు తగిలి తిరిగి మీ దగ్గరికే వస్తుంది. బాస్, అంటే లోతు శబ్దమైతే ఆ ఇరుకు గదిలో గాలినంతా ఒక్కసారే నొక్కుతుంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. ఇంట్లో పెడితే నీరసంగా మోగే చిన్న వూఫర్ కారులో గుండెలదిరేలా కొట్టేది అందుకే. టాప్ తీశారంటే ఆ గదే లేదు. ముందు డోర్లలో ఉన్న స్పీకర్లకు ఏ గతి పట్టిందో, వెనక కొత్తగా పెట్టినవాటికీ అదే పడుతుంది.

ఇక గాలి. గాలి మోతలో ఎక్కువ భాగం లోతు శబ్దమే, అంటే డప్పు, బేస్ గిటార్ ఉండే చోటే అదీ ఉంటుంది. పాటలో కింది సగాన్ని అది మింగేస్తే మీకు మిగిలేది సన్నటి కీచు గొంతు. పైగా ఈ మోత స్పీడుతో పాటు మామూలుగా పెరగదు. 50 మీద వెళ్లే బండి 100 అందుకుంటే 15 డెసిబెల్స్‌కు పైనే పెరుగుతుంది. పవర్ రెట్టింపు చేస్తే పాటకు వచ్చేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే 15 డెసిబెల్స్ పెంచాలంటే పవర్ 30 రెట్లు కావాలి. 50 వాట్ల చోట 1500. మీరు రెండు ఓవల్స్ కొని, వాటికో ఆంప్ (శబ్దానికి పవర్ పెంచే ఆంప్లిఫైయర్) పెట్టి, ఆ గాలితో గెలుస్తానంటున్నారు.

ఒకవేళ గెలిచినా మంచిది కాదు. పని చేసే చోట రోజుకు 8 గంటలకు 85 డెసిబెల్స్ దాటొద్దని అమెరికాలో నియోష్ అనే సంస్థ చెబుతుంది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు టైమ్ సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. గాలి మోతే 90 ఉన్న చోట దాని మీద పాట వినబడాలని 100కు పెంచితే, ఇక్కడి నుంచి సాగర్ చేరేలోపే చెవుల కోటా ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. దిగాక గుయ్‌మని చెవిలో మోగేది అదే.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని షాపులో కూర్చోబెట్టి వినిపిస్తే గానీ నమ్మరు. డోర్ స్పీకర్ మీ చెవికి దాదాపు మీటరు దూరం. సీటు వెనక గోడకు పెట్టింది 40 సెంటీమీటర్లు. శబ్దం ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే వెనక శబ్దం దాదాపు 2 మిల్లీసెకన్లు ముందే వచ్చేస్తుంది. ఏది ముందు చెవిన పడితే శబ్దం అటు నుంచే వస్తోందని మెదడు అనుకుంటుంది. అంతే, డాష్‌బోర్డ్ మీద నిలబడి పాడుతున్న మనిషి లేచి వచ్చి మీ మెడ వెనక కూర్చుంటాడు. దాన్ని సరిచేయాలంటే డీఎస్‌పీ (శబ్దాన్ని సర్దే డిజిటల్ డబ్బా) పెట్టి వెనక స్పీకర్లకు డిలే ఇవ్వాలి, అంటే వాటి శబ్దాన్ని కాస్త ఆలస్యం చేయాలి, వాటి సౌండ్ తగ్గించాలి. తగ్గించడానికేనా పెట్టించుకున్నది?

నమ్మకం కుదరకపోతే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకర్‌ను సీటు వెనక కదలకుండా కట్టి, టాప్ తీసి, 80 మీద ఒక రౌండ్ వేసి రండి. స్టీరియోలో ఫేడర్ (శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్ల మధ్య మార్చే సెట్టింగ్) ఉంటే దాన్ని పూర్తిగా ముందుకొకసారి, వెనక్కొకసారి తోసి వినండి. ఆ తర్వాత నా దగ్గరికి రండి.

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు ఓనర్ కొడుకు థార్ తెచ్చాడు. 2020లో వచ్చిన ఈ థార్‌లో కంపెనీయే స్పీకర్లను తల పైన, రూఫ్ దగ్గర పెట్టింది. చెవికి దగ్గర కాబట్టి ఉన్నంతలో అది మంచి చోటే. వాటిని పీకేసి వెనక రెండు పెద్ద ఓవల్స్, కింద ఒక బాస్ ట్యూబ్ (గొట్టం ఆకారపు వూఫర్) కావాలన్నాడు. చేతిలో డబ్బాలు కూడా ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కొన్నవి. "ముందు ఒక రౌండ్ పోదాం పా" అని పానగల్ వైపు తీసుకెళ్లాను. టాప్ వెనక్కి, డోర్ అద్దాలు కిందికి, 80 మీద పాట నిజంగానే వినిపించలేదు. వోల్యూమ్ ముట్టుకోకుండా రెండు అద్దాలూ పైకెత్తించాను. గొంతు తిరిగొచ్చింది. అబ్బాయి నా వైపు చూసి, "ఏందన్నా, అద్దాలెత్తినందుకు పైసలు తీస్కుంటవా?" అన్నాడు. ఆ రోజు తీసుకోలేదు. తర్వాత వారం డోర్లకు తీసుకున్నాను.

డోర్లకు ఏం చేశానంటే, పెట్టాల్సిన డబ్బు పెట్టాల్సిన చోట పెట్టాను. డోర్ ప్యాడ్ తీస్తే లోపలి రేకుకు చేయి పట్టేంత కంతలు ఉంటాయి. స్పీకర్ ముందు వైపు ఎంత శబ్దం చేస్తుందో వెనక వైపూ అంతే చేస్తుంది. ఆ వెనక శబ్దం కంతల్లోంచి బయటికొచ్చి ముందుదానితో కలిస్తే బాస్ రద్దయిపోతుంది. కంతలు డ్యాంపింగ్ షీట్‌తో (రేకు అదురును ఆపే అంటుకునే షీట్) మూసి, బయటి రేకుకూ ఒక పొర వేసి రోలర్‌తో గట్టిగా అణిచి, ఆరున్నర అంగుళాల మంచి స్పీకర్ బిగించి, చిన్న ఆంప్ ఇచ్చి, 80 హెర్ట్జ్ కింద ఉన్న లోతు బాస్‌ను కోసేస్తే ఆ డోర్ వేరే డోర్ అవుతుంది. టాప్ లేని బండిలో 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని గాలి ఎలాగూ తినేస్తుంది. దానికోసం స్పీకర్‌ను చావగొట్టడం దండగ. కొనేటప్పుడు వాట్లు కాదు, సెన్సిటివిటీ చూడండి, అంటే అంతే పవర్‌కు ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో. 88 ఉన్నదానికి బదులు 91 ఉన్నది తీసుకుంటే ఆంప్ పవర్ రెట్టింపు చేసినంత ఫలితం. రెండు సీట్ల బండైతే సీట్ల వెనక విండ్ డిఫ్లెక్టర్ అనే జాలీ పెట్టించండి. మెడ మీద తిరగబడే గాలి తగ్గుతుంది. స్పీకర్లు అమ్ముకునేవాడిని నేనే చెబుతున్నాను, చాలామందికి ఆ జాలీ చాలు.

వెనక స్పీకర్లు అసలే వద్దని కాదు. థార్‌లో వెనక మనుషులు కూర్చుంటారు, వాళ్లకోసం ఉండాల్సిందే. రెండు సీట్ల బండిలో వెనక ఎవరున్నారు?

ఆ రెండు సీట్లదే ఒకటి నిరుడు వచ్చింది. పేరు చెప్పను, ఎర్ర బండి, సెకండ్ హ్యాండ్‌లో ఇష్టపడి కొన్నాడు. సీట్ల వెనక ప్యానెల్‌కు ఎక్కడో రెండు గుండ్రటి కోతలు పెట్టించి స్పీకర్లు బిగించుకున్నాడు. టాప్ మూసి ఉండగా కొలతలు తీశారు. టాప్ మడిచినప్పుడు దాని ఇనుప ఫ్రేమ్ వచ్చి ఆగేది సరిగ్గా ఆ చోటే. మొదటిసారి బటన్ నొక్కగానే టక్కుమన్నదట, రెండోసారి గుడ్డ చిరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాపం, అతను అడిగింది ఒకటే, "కోసిన ప్యానెల్ మళ్లీ అతుక్కుంటుందా అన్నా?" అతుక్కోదు. కొత్త ప్యానెల్ తెప్పించుకోవాల్సి వచ్చింది, గుడ్డ పని వేరే. ఇలాంటి బండ్లలో ఆ ప్యానెల్ వెనక ఇంకా చాలా ఉంటాయి. టాప్ మీది వాన నీళ్లు కిందికి పోయే గొట్టాలుంటాయి, కొన్నింట్లో బోల్తా పడితే తలకు అడ్డంగా లేచే కడ్డీలుంటాయి. కోసే ముందు టాప్‌ను కనీసం రెండుసార్లు పూర్తిగా తీసి మూసి చూడని వాడి చేతికి బండి ఇవ్వకండి.

అపోహ: హెడ్‌రెస్ట్ స్పీకర్లు కూడా అలాంటి సోకే

కాదు, ఇది మాత్రం పనిచేస్తుంది. మన దగ్గర అమ్మని మాజ్దా ఎంఎక్స్-5 అనే టూ సీటర్‌లో కంపెనీయే హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లు ఇచ్చింది. బహిరంగంలో దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ లాభం. మీటరు నుంచి పన్నెండు సెంటీమీటర్లకు వస్తే 18 డెసిబెల్స్, ఊరికే. బాస్ రాదు, గొంతు వస్తుంది, గాలిలో కావాల్సింది కూడా గొంతే. వీటికీ డిలే పెట్టాలన్నది మర్చిపోవద్దు. కానీ వైర్ సీటులోంచి లాగాలి. సీటు కింద పసుపు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్) కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. దాని మీద చేయి వేసే కుర్రాడిని అక్కడే ఆపండి.

అపోహ: స్టీరియో మీద 50 వాట్స్ ఇంటూ 4 అని ఉంది, ఆంప్ ఎందుకు

లెక్క మీరే వేసుకోండి. 14.4 వోల్టులతో 4 ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు) స్పీకర్‌కు శబ్దం పగలకుండా 26 వాట్లకు మించి ఇవ్వడం కుదరదు. నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. డబ్బా మీద ఏమైనా రాసుకోవచ్చు.

అపోహ: ముందు స్పీకర్ వైర్‌కే వెనకది కలిపేస్తే సరిపోతుంది

4 ఓమ్స్‌వి రెండు అలా కలిపితే 2 ఓమ్స్ అవుతాయి. స్టీరియో వేడెక్కి కట్ అవుతుంది, కొన్నాళ్లకు పోతుంది.

అపోహ: ఆంప్‌లో ఫ్యూజ్ ఉంది కదా

అది ఆంప్ కోసం. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ వైర్ కోసం. బానెట్ నుంచి వెనక దాకా వెళ్లే ఎర్ర వైర్ సీటు పట్టా కింద నలిగి రేకుకు తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు పోస్తుంది. ఆంప్‌లోని ఫ్యూజ్ అవతలి కొసన హాయిగా చల్లగా ఉంటుంది, మధ్యలో కార్పెట్ కాలుతుంది. బ్యాటరీ నుంచి అడుగున్నర లోపు ఫ్యూజ్ లేకుండా నేను బండి బయటికి పంపను, ఎంత బతిమాలినా సరే.

అపోహ: బయట స్పీకర్ ముట్టుకుంటే వారంటీ మొత్తం పోతుంది

భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, టెన్షన్ పడకండి. కప్లర్ టు కప్లర్ పెట్టి, కంపెనీ వైర్ ఒక్కటీ కోయకుండా చేయించుకోండి, పాత స్పీకర్లు దాచుకోండి. తెగ్గోసి టేపు చుట్టిన వైరింగ్ చూపిస్తే మాత్రం ఎలక్ట్రికల్ క్లెయిమ్ దగ్గర మీ మాట ఎవరూ వినరు.

అపోహ: టాప్ లేని బండికి ఏ స్పీకరైనా ఒకటే

మన మే నెల ఎండలో ఫోమ్ అంచు పొడైపోతుంది, పేపర్ కోన్ ఒక్క వానకే ఉబ్బుతుంది. పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు అడగండి. పడవలకు చేసే మెరైన్ స్పీకర్లు దొరికితే ఇంకా మంచిది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఈ తప్పు మా బజార్లో మొదట చేసింది నేనే. షాపు పెట్టిన కొత్తలో పాత సాఫ్ట్ టాప్ మారుతి జిప్సీ ఒకటి కొన్నాను. వెనక చెక్క పెట్టె చేయించి నాలుగు ఓవల్స్ బిగించి, దోస్తులను ఎక్కించుకుని చెర్వుగట్టు జాతరకు బయల్దేరాను. ఊరు దాటే దాకా రాజాలాగే ఉన్నాం. హైవే ఎక్కాక ఒకడు ముందుకు వంగి నా చెవిలో అరిచాడు, "పాట పెట్టురా!" పాట మోగుతూనే ఉంది.

ఆ జిప్సీ ఎప్పుడో అమ్మేశాను. ఓవల్స్‌లో రెండు మా నాన్న కిరాణా కొట్టులో బియ్యం బస్తాల పైన గోడకు ఉన్నాయి. వాటి అంచులు రెండుసార్లు మార్చాను. పొద్దున భక్తి పాటలు పెడితే రోడ్డు అవతలి టీ కొట్టాయన తగ్గించమని కేకేస్తాడు.