యూనివర్సిటీ విద్యార్థుల్లో ఈటింగ్ డిజార్డర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈటింగ్ డిజార్డర్ (తిండి, బరువు చుట్టూ తిరిగే మానసిక జబ్బు) ఉందో లేదో మనిషిని చూస్తేనే తెలిసిపోతుంది.

బులీమియా (అతిగా తిని, బరువు పెరగకుండా వాంతులు చేసుకోవడం, విరేచనాల మాత్రలు మింగడం లాంటివి చేసే జబ్బు) ఉన్నవాళ్లలో చాలామంది మామూలు బరువుతోనే ఉంటారు. లావుగా ఉన్న విద్యార్థి కొన్ని నెలల్లో గబగబా తగ్గిపోతే చుట్టూ అందరూ మెచ్చుకుంటారు. లోపల గుండె వేగం పడిపోతూ ఉండొచ్చు. తూకంతో సరిపెట్టకండి. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా నాడి, బీపీ చూడాలి. ఈసీజీ తియ్యాలి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం ఎంత ఉన్నాయో కూడా చూడాలి. పగలు మెలకువగా ఉన్నప్పుడే నాడి 50 లోపుకి దిగితే ‘ఆటలాడే పిల్లలకి అంతేలే’ అని వదిలెయ్యకుండా ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

అపోహ: రక్తపరీక్షలు బాగున్నాయంటే భయం లేదు.

వాంతులు చేసుకుంటున్నా రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. అది ఆ పూట సంగతే చెబుతుంది.

అపోహ: రాత్రిపూట అతిగా తినడం నిగ్రహం లేకే.

ఆ రాత్రి తిండికి మూలం పగటి పస్తులో ఉంటుంది. 1944-45లో మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి దాదాపు ఆరు నెలలు అరకొర తిండి పెట్టారు. వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకపోయింది, ఆంక్షలు తీశాక కొందరు ఆపుకోలేనంతగా తిన్నారు. అందుకే చికిత్సలో తొలి మెట్టు వేళకి తినడం: మూడు భోజనాలు, రెండు మూడు చిరుతిళ్లు, మధ్యలో నాలుగు గంటలు మించని విరామం. ఆలస్యంగా లేచే విద్యార్థికి గడియారం పనికిరాదు, లేచిన గంటలోపు మొదటి తిండి అని రాసివ్వాలి. ఎక్కువమంది తప్పేది ఒక్కచోటే. అతిగా తిన్న మర్నాడు పొద్దున మానేస్తారు, రాత్రికి మళ్లీ అదే కథ.

అపోహ: విరేచనాల మాత్రలతో తిన్నది పోతుంది.

పోయేది నీళ్లు, లవణాలు. ఆహారం అప్పటికే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. మాత్రలు ఆపాక కొన్నాళ్లు ఒంట్లో నీరు చేరి బరువు పెరుగుతుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే మళ్లీ మొదలుపెడతారు.

అపోహ: తినడం మొదలైతే గండం గట్టెక్కినట్టే.

చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పడితే ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి పోయి రక్తంలో పడిపోతాయి. గుండె లయ తప్పొచ్చు. ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి, తొలి రోజుల్లో రోజూ రక్తపరీక్ష చెయ్యాలి. అలాగని భయపడి మరీ తక్కువ పెట్టడమూ ప్రమాదమే.

అపోహ: మందుతో తగ్గిపోతుంది.

బులీమియాలో ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు రోజుకి 60 మి.గ్రా. కొంత పనిచేస్తుంది. అనొరెక్సియాలో (లావవుతామన్న భయంతో తిండి మానేసి బాగా చిక్కిపోయే జబ్బు) అది బరువు పెంచే మందు కాదు. డిప్రెషన్‌కని బుప్రోపియాన్ అనే మందు వాడుతున్నారేమో అడగండి. ఈ రెండు జబ్బుల్లోనూ దానితో మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఇవ్వకూడదు.

అపోహ: ‘ఇప్పుడు కళగా ఉన్నావు’ అంటే ధైర్యం వస్తుంది.

వాళ్ల చెవికి ‘ఒళ్లు చేశావు’ అని వినిపిస్తుంది. రూమ్మేట్లు రూపం మాట ఎత్తకుండా ‘భోజనానికి వెళ్తున్నా, రా’ అంటే చాలు. బాత్‌రూమ్ తలుపు దగ్గర కాపలా కాయడం వాళ్ల పని కాదు.

అపోహ: సెమిస్టర్‌లోపు అయిపోతుంది.

బరువు మరీ తక్కువ లేనివాళ్లకే సీబీటీ-ఈ (ఈటింగ్ డిజార్డర్ల కోసం ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స) 20 వారాల్లో 20 సెషన్లు, తక్కువ ఉన్నవాళ్లకి దాదాపు 40. మధ్యలో సెలవులొస్తాయి, ఊరూ డాక్టరూ మారతారు. సెలవులకి వెళ్లేముందే విద్యార్థి అనుమతితో ఒక కాగితం రాసుకోండి: వారం వారం నాడి, బరువు ఎవరు చూస్తారు, రక్తపరీక్ష ఎప్పుడు, స్పృహ తప్పితే ఎక్కడికి తీసుకెళ్లాలి.