మిర్చి ఘాటుకి ముక్కు ఎందుకు కారుతుంది?

మలక్‌పేట మిర్చి మార్కెట్‌లో బస్తా మూతి విప్పి కాయలు కుమ్మరిస్తుంటే పక్కన నిలబడ్డవాళ్లకి ముందు ముక్కులో చురుక్కుమంటుంది, వెంటనే వరసగా తుమ్ములు, ఆపైన ధారగా నీళ్లు. చాలామంది దీన్నీ డస్ట్ ఎలర్జీ ఖాతాలో వేసేసి సెట్రిజిన్ మింగుతారు. దుమ్ము సంగతి వేరు, మిర్చి ఘాటు నడిచే దారి వేరు.

ముక్కు లోపలి పొర నిండా ట్రైజెమినల్ నరం (ముఖం మీది స్పర్శ, నొప్పి, మంటల్ని మెదడుకి చేరవేసే నరం) కొసలుంటాయి. వాటిలో కొన్నింటి మీద టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. దీని అసలు డ్యూటీ వేడిని కనిపెట్టడం, సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకి కబురు పంపుతుంది. మిర్చికి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం దానికి అతుక్కుంటే మాత్రం మామూలు ఒంటి వేడికే తెరుచుకుంటుంది, అంటే నిప్పు లేకపోయినా మంట నిజమే. ఈ ప్రొటీన్‌ని 1997లో పట్టుకున్నది అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం, 2021లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది.

అసలు తమాషా ఏంటంటే, నరం మెదడుకి చెప్పేసి ఊరుకోదు. అదే కొస నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పదార్థాల్ని అక్కడికక్కడే వదులుతుంది, వాటితో రక్తనాళాలు వెడల్పై పొర ఉబ్బుతుంది. ఇంకోపక్క మెదడు నుంచి వచ్చే రిఫ్లెక్స్ గ్రంథుల్ని తట్టి లేపుతుంది, కారే నీళ్లలో ఎక్కువ భాగం దాని పుణ్యమే. క్రిమి లేదు, ఎలర్జీ లేదు, ఇదంతా నరాల పనే. సెట్రిజిన్ అడ్డుకునేది ఎలర్జీలో ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ అనే పదార్థాన్ని, ఇక్కడ దాని పాత్ర పెద్దగా లేదు కాబట్టి సెట్రిజిన్‌తో ఒరిగేదీ పెద్దగా ఉండదు.

మరీ ఎక్కువగా తట్టి లేపితే, లోపలికి క్యాల్షియం పోటెత్తి ఆ నరం కొస మొద్దుబారుతుంది. ఈ మొద్దుబారడాన్ని హంగరీ శాస్త్రవేత్త మిక్లోష్ యాంచో 1940లలోనే గమనించాడు. ఇప్పుడు దాన్నే చికిత్సగా వాడుతున్నారు: టెస్టుల్లో ఏ ఎలర్జీ తేలకపోయినా ఆఫీసు ఏసీకీ, అగరబత్తి పొగకీ, లిఫ్టులో ఎవరో కొట్టుకొచ్చిన సెంటుకీ ముక్కు కారిపోయేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకి. ముక్కుకి ముందు మత్తుమందు పెట్టి, కొలిచిన మోతాదులో క్యాప్సైసిన్ స్ప్రే చేస్తారు, ఒక పద్ధతిలో అయితే ఒకే రోజు గంటకోసారి అయిదు సార్లు. కొందరికి నెలల తరబడి ఉపశమనం ఉంటుంది.

ఇది చదివి వంటింటి కారం డబ్బా దగ్గరికి మాత్రం వెళ్లకండి, అందులో ఎంత క్యాప్సైసిన్ ఉందో ఎవరికీ తెలియదు, ఆస్తమా ఉన్నవాళ్లకైతే ఊపిరే బిగుసుకోవచ్చు. ఇక టెస్టులో నిజంగానే ఎలర్జీ తేలినవాళ్లకి ఈ స్ప్రే పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు.