నూనెలోకి దిగిన ఎరుపు

టమాటా పచ్చడి చేసేటప్పుడు ముక్కలు మెత్తబడి, నీరంతా ఇగిరిపోయి, మూకుడు అంచున ఎర్రటి నూనె తేలుతుంది. ‘నూనె తేలింది, ఇక దించెయ్’ అంటుంది మా అమ్మ. ఆ నూనెకు రంగు ఇచ్చింది టమాటాలోని లైకోపీన్ అనే ఎర్రటి రంగు పదార్థం. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. వండని టమాటాలో కణాల గోడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. బాగా మగ్గించి నూనె చేర్చితే మన పేగులు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. పచ్చడి పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎంత తోమినా ఎర్రగానే ఉండిపోతుందే, అదీ దీని పనే.

ఈ ఎరుపుకీ ఎండకి ముడతలు పడే చర్మానికీ సంబంధం ఉంది. ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాలుంటాయి. వాటిలో యూవీబీ రకం కిరణాలు పైచర్మాన్ని కమిలిస్తాయి. యూవీఏ కిరణాలు ఇంకా లోపలికి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ పోగులుండే పొరదాకా దిగుతాయి. మామూలు కిటికీ అద్దం వాటిని పూర్తిగా ఆపలేదు. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఒక 69 ఏళ్ల మనిషి ఫోటో 2012లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ చెంప నిండా లోతైన ముడతలు. కుడి చెంప చూస్తే ఎన్నో ఏళ్లు చిన్నవాడిలా ఉన్నాడు. మన దగ్గర డ్రైవర్ కిటికీ కుడివైపు ఉంటుంది కాబట్టి, ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది కుడి చెంపకే.

యూవీ తగిలిన కణాల్లో చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. వాటి వల్ల ఎంఎంపీ-1 అనే ఎంజైమ్ పెరిగి కొల్లాజెన్ పోగులను తెంచుతుంది. లైకోపీన్ ఆ ఆక్సిజన్ చురుకును చల్లార్చగలదు. చర్మంలోకి చేరాక ఆ పని చేస్తుందా అన్నది మనుషుల మీదే చూడాలి. జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ శాస్త్రవేత్తలు చూశారు. కొంతమందికి రోజూ 40 గ్రాముల టమాటా పేస్టు, 10 గ్రాముల ఆలివ్ నూనెతో ఇచ్చారు. నాలుగు వారాలకు ఏ తేడా లేదు. పది వారాలకు మాత్రం యూవీ పడిన చోట ఎర్రబడటం, ఉత్త నూనె తిన్నవాళ్లతో పోలిస్తే 40 శాతం తక్కువగా ఉంది. ఆ ఫలితాలు 2001లో వచ్చాయి. పదేళ్ల తర్వాత బ్రిటన్‌లో 20 మంది మహిళల్లో కొందరికి 12 వారాలు రోజూ 55 గ్రాముల చొప్పున పేస్టు, మిగతావాళ్లకు ఉత్త ఆలివ్ నూనె ఇచ్చినప్పుడు, పేస్టు తిన్నవాళ్లలో యూవీ పడ్డాక పుట్టే ఎంఎంపీ-1 కూడా తగ్గింది.

ఇవన్నీ చిన్న పరీక్షలు. బ్రిటన్‌లో పాల్గొన్నవాళ్లది ఎండకు ఇట్టే కందిపోయే తెల్లటి చర్మం. కాబట్టి పచ్చడి తిన్నామని గొడుగూ చున్నీ మానేస్తే చర్మం పాడవుతుంది.

ఇలాంటివాటిని మాత్రలుగా మింగే విషయంలో నాకు నిజంగానే భయం. లైకోపీన్‌కు దగ్గర చుట్టమైన బీటా కెరోటిన్‌ను ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు రోజూ 20 మిల్లీగ్రాములు ఇస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. క్యారెట్లో ఉన్నదే కదా అని సీసాల కొద్దీ మింగేవాళ్లను చూస్తే ఆపాలనిపిస్తుంది.

పొయ్యి వెలిగించే ఓపిక లేని మే నెలలో పుచ్చకాయ ఉండనే ఉంది. దాని ఎరుపూ లైకోపీనే. పచ్చిగా తిన్నా బాగానే రక్తంలోకి చేరుతుంది.